ఇంటి పిల్లికి ఒంట్లో బాగోలేదు: కారణం ఎక్కడ వెతకాలి

గడప దాటని పిల్లికి జబ్బులెక్కడి నుంచి వస్తాయని చాలామంది ధీమాగా ఉంటారు. వీధి పిల్లులతో పోట్లాటలు, కుక్కకాట్లు, బండ్ల కింద పడటం తప్పుతాయి, నిజమే. కానీ కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, పంటి నొప్పి, మూత్రం బిగుసుకుపోవడం నాలుగు గోడల మధ్యే వస్తాయి. మింగడానికి దారం, నాకడానికి ఫినాయిల్, కింద పడ్డ బిళ్లలు కూడా ఇంట్లోనే దొరుకుతాయి. దానికి తోడు పిల్లి నొప్పిని బయటపెట్టదు. రోజూ ఎక్కే అల్మరా మీదికి ఎక్కడం మానేస్తుంది, మంచం కిందికి మారిపోతుంది, ఒళ్లు నాక్కోవడం తగ్గి బొచ్చు చిక్కులు పడుతుంది. అవి మన కంటపడేసరికి జబ్బు మొదలై చాలా రోజులై ఉండొచ్చు. గురగురమంటోంది కదా, బాగానే ఉందని అనుకోకండి. నొప్పితో ఉన్న పిల్లి కూడా గురగురమంటుంది.

ఇంట్లో మీరు తేల్చుకోవాల్సినవి రెండు: ఎంత తొందరగా బయల్దేరాలి, తేడా ఒంట్లో ఎక్కడుంది. జబ్బు పేరు పరీక్షల్లో తేలుతుంది. ఈ రెండూ తెలుసుకుని వెళ్తే ఏ పరీక్ష ముందు చేయాలో డాక్టరుకు అర్థమవుతుంది, డబ్బూ సమయమూ మిగులుతాయి.

తెల్లారే దాకా ఆగకూడనివి

మగపిల్లి మాటిమాటికీ మలమూత్రాల కోసం పెట్టిన ట్రేలోకి వెళ్లి, కూర్చుని ముక్కి, చుక్క రెండు చుక్కలతోనో ఉత్తినే లేచి వచ్చేస్తోందా? మధ్యమధ్య మూత్రద్వారం నాక్కుంటోందా, అరుస్తోందా? ఇది అన్నిటికంటే ముందు. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. స్ఫటికాలూ జిగురూ కలిసిన చిన్న ముద్ద అడ్డుపడితే చాలు, దారి మూసుకుపోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. దీన్ని మలబద్ధకం అనుకుని ఆముదం పోయడం, పాలు పట్టడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ముక్కుతున్న భంగిమ రెండింటికీ ఒకేలా ఉంటుంది కాబట్టి, గత 12 గంటల్లో మూత్రం పోసినట్టు కంటితో చూడకపోతే అడ్డుపడిందనే అనుకోండి. పొట్ట నొక్కి చూడొద్దు. నిండిన మూత్రాశయం పగిలే ప్రమాదముంది.

నోరు తెరిచి రొప్పడం కుక్కకు మామూలు విషయం, పిల్లికి కాదు. కూర్చున్నచోటే నోరు తెరిచి ఊపిరి పీలుస్తోందంటే ఊపిరితిత్తుల్లోనో వాటి చుట్టూనో నీరు చేరి ఉండొచ్చు, ఉబ్బసం తీవ్రమై ఉండొచ్చు. బలవంతంగా పట్టుకోవద్దు, నీళ్లు తాగించొద్దు, బోనులో పెట్టి నేరుగా తీసుకెళ్లండి.

వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోయి, అవి చల్లగా తగులుతూ, పిల్లి గట్టిగా అరుస్తుంటే అది చాలావరకు గుండె నుంచి వచ్చిన రక్తపు గడ్డ కాళ్లకు వెళ్లే ధమనిలో ఇరుక్కోవడం వల్ల. వెన్నుకు దెబ్బ తగిలిందేమో అనుకుని రెండు రోజులు చూద్దామనుకుంటే కాళ్లే కాదు, పిల్లే దక్కదు.

ఒళ్లు వణకడం, మూర్ఛ, చిగుళ్లు తెల్లగానో నీలంగానో గోధుమరంగులోనో మారడం, పైఅంతస్తు నుంచి పడటం (నడుస్తున్నా సరే), విషం తిన్నదని అనుమానం రావడం కూడా ఇదే వరసలోకి వస్తాయి.

ఇక తిండి సంగతి. పెద్ద పిల్లి 24 గంటలు ఏమీ ముట్టకపోతే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పిల్లికూన అయితే 12 గంటలు కూడా ఆగొద్దు. ఆకలేస్తే అదే తింటుందనే మాట పిల్లికి వర్తించదు. రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి పేరుకుపోతుంది, అది అసలు జబ్బు కంటే ప్రమాదకరంగా మారుతుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

కొలిచి రాసుకోండి

పైవేవీ లేకపోతే కొంత వ్యవధి ఉన్నట్టే. డల్‌గా ఉందని చెప్తే డాక్టరుకు ఏమీ తెలియదు. అంకెలు చెప్పండి.

ఊపిరి: పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. రెండు మూడుసార్లు లెక్కపెట్టినా 30 దాటుతుంటే చూపించాలి, 40 దాటితే అప్పుడే బయల్దేరాలి. గురగురమంటున్నప్పుడూ, కల కంటూ మీసాలు అదురుతున్నప్పుడూ లెక్క తప్పుతుంది. గుండె జబ్బు ముదిరి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంటే, మిగతా లక్షణాలు కనబడక ముందే ఈ లెక్క పట్టివ్వగలదు; తొలిదశ గుండె జబ్బులో మాత్రం ఈ లెక్క మామూలుగానే ఉండొచ్చు. పిల్లి బాగున్నప్పుడే నెలకోసారి లెక్కపెట్టి రాసుకుంటే మీ పిల్లికి ఏది మామూలో తెలుస్తుంది.

చిగుళ్లు: పైపెదవి ఎత్తి చూడండి. గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు 2 సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. జిగటగా తగిలితే ఒంట్లో నీరు తగ్గింది. కొన్ని పిల్లులకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి నాలుక చూడండి. కామెర్లు చిగుళ్ల కంటే చెవి లోపలి వైపు, అంగిలి మీద ముందు కనబడతాయి. భుజాల దగ్గర చర్మం లాగి వదిలే పరీక్ష ముసలి పిల్లుల్లో, బక్కచిక్కిన పిల్లుల్లో తప్పు చెప్తుంది.

జ్వరం: ముక్కు తడిగా ఉందా, చెవులు వెచ్చగా ఉన్నాయా అని చూసి జ్వరం తేల్చలేం. డిజిటల్ థర్మామీటరు కొనకు వాజిలిన్ రాసి మలద్వారంలో 2 సెంటీమీటర్ల లోపే పెట్టాలి. 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. మనిషి లెక్కన చూసి 101కే జ్వరమని కంగారుపడొద్దు. 103.5 దాటితే జ్వరం. 99 కంటే తగ్గితే జ్వరం కంటే ఎక్కువ ప్రమాదం. పిల్లి గింజుకుంటుంటే ఈ పరీక్ష వదిలేయండి, కాట్లు తినక్కర్లేదు.

బరువు: మీరు పిల్లిని ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత మీరొక్కరే నిలబడి తేడా తీస్తే పావుకిలో అటూఇటూ పోతుంది. పసిపిల్లల్ని తూచే తూకమైతే మేలు. 4 కిలోల పిల్లి 3.6కి వస్తే 60 కిలోల మనిషి 54కి వచ్చినట్టు. బొచ్చు ఒత్తుగా ఉన్న పిల్లిలో ఈ తేడా కంటికి ఆనదు. వెన్ను మీద చెయ్యి వేసి నిమిరితే ఎముకలు గుచ్చుకుంటాయి.

నీళ్లు: పొద్దున కొలిచి పోయండి, మర్నాడు అదే సమయానికి మిగిలింది కొలవండి. ఎండాకాలంలో ఆవిరైపోయేదే చాలా ఉంటుంది. అలాంటి గిన్నె ఇంకోటి పిల్లికి అందని చోట పెట్టి, అందులో తగ్గినంత తీసేయండి. 4 కిలోల పిల్లి రోజుకు 200 మి.లీ. పైన తాగుతుంటే అనుమానించాలి, 400 మి.లీ. చేరితే జబ్బున్నట్టే. తడి ఆహారం తినే పిల్లి అసలే తక్కువ తాగుతుంది కాబట్టి దాని విషయంలో 100 మి.లీ. దాటినా ఆలోచించాలి.

గిన్నె, ట్రే, వాంతి ఏం చెప్తాయి

గిన్నె దగ్గరికి ఆత్రంగా వచ్చి, వాసన చూసి, ఒక ముద్ద తీసి వదిలేసి వెనక్కి వెళ్తోందా? ఆకలి ఉంది, నోరు నొప్పి. చొంగ, నోటి దుర్వాసన, ఒకవైపే నమలడం, ముందుకాలితో మూతి తుడుచుకోవడం దీనికి తోడవుతాయి. పిల్లుల్లో పంటి మొదలు కరిగిపోయే జబ్బు మామూలే, పైకి పన్ను బాగానే ఉన్నట్టు కనిపించి లోపల నరం తేలి ఉంటుంది. వాసన కూడా చూడకుండా మొహం తిప్పేస్తే వికారం, జ్వరం, లేదా ముక్కు మూసుకుపోవడం. ముక్కు దిబ్బడైన పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియకపోతే తినదు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం గోరువెచ్చగా చేసి పెట్టి చూడండి. అది తింటే కారణం కొంత తెలిసినట్టే.

బాగా తింటూ చిక్కిపోతోందంటే, వయసు 8 దాటి ఉంటే థైరాయిడ్, షుగర్ గుర్తుకు రావాలి. కూనల్లో అయితే నులిపురుగులు. తక్కువ తింటూ, ఎక్కువ తాగుతూ, చిక్కిపోయే పెద్ద వయసు పిల్లిలో ముందు అనుమానం కిడ్నీల మీద.

ట్రేలో ఉండలు కట్టే లిట్టర్ వాడితే మూత్రం లెక్క తేలిక. రోజుకు రెండు నుంచి నాలుగు ఉండలు మామూలు. ఉండలు పెద్దవై, ఎక్కువైతే కిడ్నీ లేదా షుగర్. చిన్నచిన్న ఉండలు చాలా ఉంటే మూత్రాశయంలో మంట. ఇసుక వాడే ఇళ్లలో ఇది తెలియదు. బాత్రూం జాలీలో పోసే అలవాటున్న పిల్లి విషయంలో అసలే తెలియదు. ఒంట్లో బాగోలేదని అనుమానం వచ్చిన రోజు బాత్రూం తలుపు మూసి ట్రేకి మార్చండి. మంచం మీద, సింకులో, చల్లటి గచ్చు మీద పోయడం కోపంతో చేసే పని కాదు. ట్రేలో నొప్పి తెలిసింది కాబట్టి ఇంకో చోటు వెతుక్కుంటోంది. పదేళ్లలోపు పిల్లుల్లో ఇలాంటి మంటకు సగానికి పైగా సందర్భాల్లో సూక్ష్మజీవులు కారణం కాదు, ఒత్తిడి వల్ల వచ్చే మూత్రాశయపు వాపు. కొత్త పిల్లి, ఇల్లు మారడం, పెయింటింగ్ పనులు, పండక్కి వచ్చిన చుట్టాలు, ట్రే చోటు మార్చడం, ఇవన్నీ డాక్టరుకు చెప్పండి. పరీక్ష చేయకుండా యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు వాడటం దీనికి మందు కాదు.

మలం తారులా నల్లగా ఉంటే పొట్టలోనో చిన్నపేగులోనో రక్తస్రావం, ఎర్రటి తాజా రక్తం ఉంటే పెద్దపేగు. మలద్వారం చుట్టూ బియ్యపు గింజల్లా, ఎండితే నువ్వుల్లా కనిపించేవి బద్దెపురుగు ముక్కలు. అవి ఈగుల (బొచ్చులో గెంతే ఫ్లీ పురుగులు, ఎగిరే ఈగలు కావు) వల్ల వస్తాయి. ఇంట్లోనే ఉన్నా మన బట్టల మీదుగా, పక్కింటి కుక్క మీదుగా ఈగులు చేరతాయి. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి టిష్యూ మీద వేయండి. ఎర్రగా మారితే ఈగుల మలమే.

వాంతికి ముందు పొట్ట ఎగిసెగిసి పడుతుంది. అదేమీ లేకుండా తిన్న వెంటనే గొట్టంలా అరగని తిండి బయటికొస్తే అది ఆత్రంగా తినడం వల్ల కావొచ్చు, అన్నవాహిక సమస్య కావొచ్చు. అప్పుడప్పుడు వెంట్రుకల ఉండ పడితే పర్వాలేదు, వారం వారం కక్కుతుంటే చూపించాలి. ఇక చాలామంది వెంట్రుకల ఉండ అనుకునేది ఇంకొకటుంది: నేలకు వంగి, మెడ ముందుకు చాచి, ఖళ్‌ఖళ్‌మని, చివరికి ఏమీ బయటపడదు. అది దగ్గు, ఉబ్బసం కావొచ్చు. అగరొత్తులు, సాంబ్రాణి, దోమల కాయిల్ పొగ దాన్ని రేపుతాయి. వారం రోజులు పొగ ఆపి తేడా గమనించండి. ఆ దగ్గును తప్పకుండా ఫోన్‌లో వీడియో తీయండి, ఆసుపత్రిలో బల్ల మీద పిల్లి దగ్గి చూపించదు.

ఇల్లంతా వెతకండి

చీపురు పట్టుకుని సోఫా కింద, మంచం కింద లాగితే చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

మొదట దారాలు. జడలోంచి తీసి పడేసిన పూలదండ దారం, కుట్టుమిషన్ దగ్గర సూదితో సహా దారం, రాఖీ, స్వీట్ డబ్బా రిబ్బన్, సంక్రాంతి మాంజా. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలి వైపు వంగి ఉంటాయి, అందుకే నోట్లోకి వెళ్లిన దారాన్ని బయటికి ఉమ్మలేదు. ఒక కొస నాలుక కింద చిక్కుకుని, మిగతాది పేగుల్లోకి దిగితే పేగు దారం మీదికి కుచ్చులుగా ముడుచుకుని కోసుకుపోతుంది. నోట్లో గానీ మలద్వారం దగ్గర గానీ దారం కనిపిస్తే ఎట్టి పరిస్థితుల్లోనూ లాగొద్దు. అలాగే ఉంచి ఆసుపత్రికి వెళ్లండి.

తర్వాత మందులు. పారాసిటమాల్ పిల్లికి విషం. మన కాలేయం ఆ మందును విరిచే పద్ధతి పిల్లి కాలేయంలో చాలా బలహీనం. కిలోకు 10 మి.గ్రా.లకే విషలక్షణాలు నమోదయ్యాయి, 4 కిలోల పిల్లికి డోలో 650 బిళ్లలో పదో వంతు కూడా ప్రమాదమే. చిగుళ్లు గోధుమరంగుకు మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. పొరపాటున ఇచ్చి ఉంటే సిగ్గుపడి దాచొద్దు, చెప్పండి. దీనికి విరుగుడు ఉంది, తొందరగా పడితే పనిచేస్తుంది. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇవ్వకూడదు. నొప్పి బామ్‌లు రాసిన చేతులతో పిల్లిని నిమరొద్దు.

కుక్కల ఈగులకూ పిడుదులకూ వీపు మీద వేసే చుక్కల మందుల్లో పర్‌మెత్రిన్ ఉన్నవి పిల్లికి పడితే ఒళ్లంతా వణుకు, మూర్ఛలు వస్తాయి. ఆ మందు వేసిన కుక్క పక్కన పిల్లి పడుకున్నా చాలు. బొద్దింకల చాక్‌పీసు గీతలు, స్ప్రేలు, నల్ల ఫినాయిల్, కలరా ఉండలు, కర్పూరం వెతకండి. పిల్లి నేరుగా తినకపోయినా పాదాలకు అంటించుకుని నాక్కుంటుంది. ఎలుకల మందు పెట్టిన ఇంట్లో అది తగ్గిందా లేదా చూసి, ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. ఏ విషానికి ఏ చికిత్స అనేది పేరుని బట్టే. ఉప్పునీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం చేయొద్దు.

మొక్కల్లో అన్నిటికన్నా భయంకరమైనవి బొకేల్లో వచ్చే పెద్దపూల లిల్లీలు. ఆకు కొరికినా, బొచ్చు మీద పడ్డ పుప్పొడి నాక్కున్నా, కూజాలో నీళ్లు తాగినా రెండు మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి. 18 గంటల్లోపు సెలైన్ మొదలుపెడితే బతికే అవకాశం బాగుంటుంది. మన పూల బజారులో దండలకు అమ్మే లిల్లీ పూలు వేరు, ఆ జాతి కిడ్నీల్ని ఇలా దెబ్బతీయదు. మనీప్లాంట్, డంబ్ కేన్ ఆకులు నమిలితే నోరు మండి చొంగ కారుతుంది, ప్రాణభయం తక్కువ. సైకాస్, గన్నేరు మాత్రం ప్రాణాంతకాలు.

బల్లులు పట్టి తినే అలవాటుందా? వేడి ప్రాంతాల్లో బల్లుల ద్వారా పిల్లి పిత్తనాళాల్లోకి చేరే పురుగు ఒకటుంది. మామూలు నులిపురుగుల మందు మోతాదు ఆ పురుగు మీద పనిచేయదు కాబట్టి, కామెర్లు వచ్చిన పిల్లిని తీసుకెళ్లినప్పుడు బల్లుల విషయం డాక్టరుకు చెప్పాలి.

పెరుగన్నం పిల్లులు

మాంసం వండని ఇళ్లలో పిల్లి పాలూ పెరుగన్నంతోనే పెరగడం మనకు అలవాటైన దృశ్యం. పిల్లి ఒంటికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి, అది మాంసంలో, చేపలో ఉంటుంది. అది అందకపోతే గుండె కండరం పల్చబడి ఉబ్బుతుంది, కంటి రెటీనా పాడవుతుంది. ఈ గుండె జబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో అమెరికా పరిశోధకులు తేల్చాకే పిల్లుల ఫుడ్‌లో దాని మోతాదు పెంచారు. గుండె చాలావరకు కోలుకుంటుంది, పోయిన చూపు తిరిగి రాదు. కుక్కల ఫుడ్ పెట్టినా ఇదే లోపం రావొచ్చు. పచ్చి చేపలే ఆహారమైతే వాటిలోని ఒక ఎంజైమ్ విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. పిల్లి తూలుతుంది, తల ఛాతీ వైపు వాలిపోతుంది. చేపను ఉడికిస్తే ఈ సమస్య పోతుంది. పాలు తాగాక విరేచనాలైతే పాలు ఆపి రెండు రోజులు చూడండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు.

టీకాలు వేయని పిల్లి

ఇంట్లోనే ఉంటుందని టీకా మానేసిన కూన వాంతులతో, నీళ్ల గిన్నె మీద తల వాల్చి తాగకుండా కూర్చుంటే పాన్‌లుకోపీనియా (తెల్లరక్తకణాలు పడిపోయే వైరస్ జబ్బు) అనుమానించాలి. ఆ వైరస్ మన చెప్పుల అడుగున ఇంట్లోకి వస్తుంది, నెలల తరబడి బతుకుతుంది. తెల్లరక్తకణాల లెక్క, మలం పరీక్ష ఒక్కరోజులో తేలుస్తాయి. మొదటి టీకా 6 నుంచి 8 వారాల వయసులో వేసి, 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోసారి మళ్లీ వేయాలి. ఒక్క డోసుతో పని అయిపోయిందనుకోవడం వల్లే చాలా కూనలు పోతున్నాయి. ఇక చిన్న వయసు పిల్లికి యాంటీబయాటిక్‌కు లొంగని జ్వరం, పొట్టలో నీరు వస్తే ఎఫ్ఐపీ (పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే జబ్బు) ఉందేమో అడగండి. ఒకప్పుడు అది చావు కబురే. జీఎస్-441524 అనే మందు వచ్చాక చాలా పిల్లులు బతుకుతున్నాయి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు

పైమూత తెరుచుకునే బోను మంచిది. అందులో మీ పాత లుంగీ లేదా చున్నీ పరవండి, పైన తువ్వాలు కప్పండి. రాసుకున్న అంకెలు, వీడియోలు, వాంతి ఫోటో, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, తాజా మలం చిన్న డబ్బాలో పెట్టుకోండి. మూత్రం కావాలంటే కడిగి ఆరబెట్టిన ఖాళీ ట్రే పెట్టి, సిరంజితో తీసుకుని అరగంటలో అందించండి. ఫ్రిజ్‌లో ఉంచితే జబ్బు లేకపోయినా స్ఫటికాలు ఏర్పడి లెక్క తప్పుతుంది. డాక్టరు చెప్పకుండా పస్తు పెట్టొద్దు.

వయసు మళ్లిన పిల్లికి రక్తపరీక్షతో పాటు మూత్రపు సాంద్రత కూడా చూడమని అడగండి. కిడ్నీలు చాలా భాగం పాడయ్యాకే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరుగుతుంది, మూత్రం పల్చబడటం అంతకంటే ముందే మొదలవుతుంది. సాంద్రత 1.035 పైన ఉంటే మంచిది. భయంతోనే పిల్లి రక్తంలో షుగర్ బాగా పెరుగుతుంది, ఒక్క రీడింగ్ చూసి ఇన్సులిన్ మొదలెట్టకూడదు. ఫ్రక్టోసమైన్ పరీక్ష గత రెండు మూడు వారాల సంగతి చెప్తుంది. దగ్గర్లో స్కానింగ్ సౌకర్యం లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులున్నాయి.

ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే, తిరిగి తెచ్చిన పిల్లిని ఒక రోజు వేరే గదిలో ఉంచండి. ఒంటికి పట్టిన ఆసుపత్రి వాసనకు రెండోది దాన్ని గుర్తుపట్టక మీద పడుతుంది. ఇద్దరి పక్కగుడ్డలూ మార్చి వేసి, వాసన కలిశాక తలుపు తీయండి.